బిడ్డ నిద్రపోయే ఇంటిదే ఆ క్రెడిట్

విడిపోయిన భార్యాభర్తలు ఇల్లు, కారు, బ్యాంకు ఖాతా, నగలు ఒకసారి పంచుకుంటే ఆ లెక్క అక్కడితో తీరిపోతుంది. అమెరికాలో ఉన్నవాళ్లకు మాత్రం ఏటా తిరిగొచ్చే లెక్క ఒకటి ఉంది. ఈ ఏడు బిడ్డ పేరు ఎవరి ట్యాక్స్ రిటర్న్‌లో రాయాలన్న తగువు ఏప్రిల్ 15 దగ్గరపడే కొద్దీ మళ్లీ మొదలవుతుంది. మన ఆదాయపు పన్నులో పిల్లల పేరిట దొరికేది చాలా ఏళ్లపాటు స్వల్పంగానే ఉండేది. పాత విధానంలో బిడ్డకు నెలకు 100 రూపాయల చదువు భత్యం, 80సీ కింద చూపించుకునే స్కూలు ఫీజు, అంతే ఉండేవి. దానికోసం ఎవరూ కోర్టు మెట్లెక్కేవారు కాదు. అక్కడి చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ సంగతి వేరు. 2025 సంవత్సరానికి అది ఒక్కో బిడ్డకు 2,200 డాలర్ల వరకు వస్తుంది. విడిపోయేనాటికి బిడ్డకు ఐదేళ్లుంటే, పదిహేడో ఏడు వచ్చేలోపు పన్నెండు రిటర్నులు వేయాలి. ఇప్పటి రేటు మీదే లెక్క కట్టినా 26,400 డాలర్లు. కూతురో కొడుకో అక్కడ కాపురం పెట్టిన తెలుగు ఇళ్లకు, ఆ కాపురం నిలవనప్పుడు, ఈ లెక్క తెలిసి ఉండటం అవసరం. ఆ క్రెడిట్ తల్లి హక్కూ కాదు, తండ్రి హక్కూ కాదు, బిడ్డ రోజూ నిద్రపోయే ఇంటిది అన్నదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది. దాన్ని ఆ ఇంటి నుంచి కదపాలంటే బిడ్డకు లాభం ఉందని అంకెలు చెప్పాలి. అప్పుడైనా ఏ ఏడుకు ఆ ఏడే కదపాలి.

క్రెడిట్ అంటే ఆదాయం నుంచి తీసేసే మినహాయింపు కాదు. కట్టవలసిన పన్నులోంచే నేరుగా తగ్గే సొమ్ము. ఈ చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ 1997లో చేసిన చట్టంతో మొదలై, 1998లో బిడ్డకు 400 డాలర్లుగా ఉండి, 2018లో 2,000కు, 2025లో 2,200కు చేరింది. పన్ను అంత లేనివాళ్లకు కూడా 2025లో 1,700 డాలర్ల దాకా చేతికి వస్తుంది. అయితే దానికి సంపాదన ఉండాలి. 2,500 డాలర్లు దాటిన సంపాదనలో 15 శాతం చొప్పునే ఆ సొమ్ము పెరుగుతుంది. పైవైపు కూడా ఒక గట్టు ఉంది. విడిగా రిటర్న్ వేసేవాళ్ల ఆదాయం 2 లక్షల డాలర్లు దాటితే, ఆ పైన ప్రతి వెయ్యికీ 50 డాలర్లు కోతపడి, ఒక్క బిడ్డ ఉన్నవాళ్లకు 2,44,000 దగ్గరకు వచ్చేసరికి సున్నా అవుతుంది. ఈ రెండు అంచుల మధ్య ఉన్నవాళ్లకే ఇది డబ్బు. ఇక తగువుకు అసలు కారణం, ఒక బిడ్డ క్రెడిట్‌ను ఒకే ఏడాదిలో ఇద్దరూ చెరిసగం చేసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. ఎవరో ఒకరి రిటర్న్‌లోనే ఉండాలి.

ఎవరి రిటర్న్‌లో అన్నదానికి చట్టం చెప్పే జవాబు నాకు నచ్చుతుంది. కస్టడీ ఎవరికని కోర్టు రాసిందో అది చూడదు. ఎవరు ఎక్కువ ఖర్చు పెట్టారో కూడా చూడదు. ఆ ఏడాదిలో బిడ్డ ఎక్కువ రాత్రులు ఎవరి దగ్గర పడుకుందో చూస్తుంది. ఆ రాత్రి తల్లి ఇంట్లో లేకపోయినా బిడ్డ ఆమె ఇంట్లో నిద్రపోతే అది తల్లి ఖాతాలోదే. తండ్రి బిడ్డను విహారానికి తీసుకెళ్లి హోటల్లో ఉంటే అది తండ్రిది. బిడ్డ స్నేహితురాలి ఇంట్లోనో వేసవి శిబిరంలోనో పడుకుంటే, మామూలుగా ఆ రాత్రి ఎవరి దగ్గర ఉండాలో వాళ్ల లెక్కలోకి వెళ్తుంది. ఆస్పత్రుల్లోనో గిడ్డంగుల్లోనో రాత్రి షిఫ్టు చేసేవాళ్లకు అన్యాయం జరగకుండా, వాళ్ల విషయంలో రాత్రులకు బదులు పగళ్లు లెక్కపెట్టమంది. డిసెంబర్ 31 రాత్రి ఏ ఏడాదిదన్న సందేహానికి కూడా జవాబు ఉంది. అది మొదలైన ఏడాదిదే. 365 బేసి సంఖ్య కాబట్టి మామూలు ఏడాదిలో సరిసమానం కావడం అరుదు. 2024 లాంటి లీపు ఏడాదిలో చెరి 183 రాత్రులు వస్తే, ఆదాయం ఎక్కువున్నవారికి క్రెడిట్ పోతుంది. ఈ చివరి మాట ఒక్కటే నాకు మింగుడుపడదు. బిడ్డ సమానంగా ఉన్నప్పుడు సొమ్ము అవసరం తక్కువున్న ఇంటికి వెళ్లడంలో న్యాయం కనిపించదు.

రాత్రుల లెక్క మొరటుది, పెంపకాన్ని గడియారంతో కొలుస్తుందా అని అడిగేవాళ్లున్నారు. నిజమే, ప్రేమను అది కొలవదు. కొలవాలని ప్రయత్నించకపోవడమే దాని గొప్పతనం. బిడ్డ పడుకునే ఇంట్లోనే తెల్లవారి పాలు, టిఫిన్, స్కూలు బస్సు, జ్వరం వస్తే సెలవు, రాత్రి హోంవర్క్ అన్నీ జరుగుతాయి. ఇవి రసీదులు దొరకని ఖర్చులు. సొమ్ము ఈ ఇంటికి చేరితే ఏమవుతుందో 2021లో దేశమంతా చూసింది. ఆ ఒక్క ఏడాదికి క్రెడిట్‌ను ఆరేళ్లలోపు పిల్లలకు 3,600, పెద్ద పిల్లలకు 3,000 డాలర్లు చేసి, సంపాదన షరతు తీసేసి, జులై నుంచి డిసెంబర్ దాకా అందులో సగాన్ని నెలనెలా ఖాతాల్లో వేశారు. పేదరికాన్ని లెక్కించే అనుబంధ కొలమానం ప్రకారం పిల్లల్లో పేదరికం 2021లో 5.2 శాతానికి పడిపోయిందని, ఆ ఏర్పాటు ఆగిన మరుసటి ఏడాది 12.4 శాతానికి లేచిందని అమెరికా జనగణన సంస్థ లెక్క తేల్చింది. కోవిడ్ కాలపు సాయాలు మరికొన్ని ఉన్నా, ఆ పతనంలో పెద్ద వాటా ఈ క్రెడిట్‌దే. పిల్లలు అన్నం తినే ఇంటికి డబ్బు చేరడం ముఖ్యమన్న మాటకు ఇంతకన్నా స్పష్టమైన రుజువు వెతకనక్కరలేదు.

అయితే నెలనెలా చైల్డ్ సపోర్ట్ కట్టేవారి బాధ కూడా వినాలి. సాధారణంగా తండ్రి. జీతంలోంచి పెద్ద మొత్తం ప్రతినెలా వెళ్తుంది. కట్టినదానికి పన్ను మినహాయింపు లేదు, పుచ్చుకున్నవారికి పన్నూ లేదు. ఖర్చు నాది, క్రెడిట్ ఆమెదా అన్న ప్రశ్న సహజం. కానీ చైల్డ్ సపోర్ట్ అంటే బిడ్డ ఖర్చు మొత్తాన్ని ఒకరు మోయడం కాదు. ఎక్కువ రాష్ట్రాల్లో ఇద్దరి ఆదాయాలనూ చూసి మార్గదర్శకాలు తేల్చిన ఒకరి వాటా. రెండో వాటా బిడ్డ ఉన్న ఇంట్లోనే, చెక్కు రాయకుండా, రోజూ ఖర్చవుతుంది. పైగా సపోర్ట్ ఎంతో నిర్ణయించేటప్పుడు పన్ను ప్రభావాన్నీ, క్రెడిట్ ఎవరికన్నదాన్నీ న్యాయమూర్తి ముందు పెట్టవచ్చు. సపోర్ట్ ఎక్కువైందని అనిపిస్తే దాన్నే మార్చమని అడగాలి. ఆ లోటును బిడ్డ పేరిట వచ్చే క్రెడిట్‌తో పూడ్చుకుంటే, ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకున్నట్టే అవుతుంది.

న్యాయవాదులు తరచూ సూచించే రాజీ ఒకటుంది. సరిసంఖ్య ఏడాది తండ్రి, బేసిసంఖ్య ఏడాది తల్లి. వినడానికి సమానంగా ఉంటుంది, సంతకాలూ తొందరగా పడతాయి. దాని బలహీనత కూడా 2021లోనే బయటపడింది. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఆ నెలవారీ సొమ్మును 2020 రిటర్న్‌లో, అది లేకపోతే 2019 రిటర్న్‌లో బిడ్డను చూపినవారి ఖాతాల్లో వేసింది. వంతుల ఒప్పందం ప్రకారం 2021 క్రెడిట్ తల్లిదైతే, సగం సొమ్ము ఆరు నెలలపాటు తండ్రి ఖాతాలో పడింది. మరుసటి ఏడాది రిటర్న్‌లో తల్లి పూర్తి క్రెడిట్ అడగవచ్చు. తండ్రి మాత్రం, ఆదాయం తక్కువైతే తప్ప, వచ్చింది తిరిగి కట్టాలి. అప్పటికే ఖర్చయిపోయిన డబ్బు అది. చట్టం ఒక్కసారి రూపం మార్చుకుంటేనే కాగితం మీది సమానత్వం ఇలా తలకిందులైంది. ఆదాయాలు కూడా పదేళ్లపాటు ఒకేలా ఉండవు. తండ్రి జీతం 2,44,000 దాటిన ఏడాది వంతు అతనిదే అయితే, ఆ ఏడు క్రెడిట్ ఎవరికీ రాకుండా పోతుంది. కెనడాలో బిడ్డ ఇద్దరి దగ్గరా కనీసం 40 శాతం కాలం ఉంటే పిల్లల భృతిని చెరిసగం చేసి నెలనెలా ఇద్దరికీ ఇస్తారు. అమెరికా కూడా అలా చేస్తే నేను సంతోషిస్తాను. అంతవరకు వంతుల పద్ధతిని దానికి ప్రత్యామ్నాయంగా చూడలేను.

వంతులకైనా మరే ఒప్పందానికైనా ప్రాణం పోసేది ఒక చిన్న కాగితం. దాని పేరు ఫారం 8332. ఎక్కువ రాత్రులు బిడ్డను ఉంచుకున్న తల్లి గానీ తండ్రి గానీ దాని మీద సంతకం చేస్తేనే రెండోవారు క్రెడిట్ అడగగలరు. విడాకుల తీర్పులో న్యాయమూర్తి స్వయంగా రాసినా, ఐఆర్‌ఎస్‌కు అది చాలదు. 2008 తర్వాతి తీర్పుల పేజీలను ఫారానికి బదులుగా జతచేయడం చెల్లదు. రాష్ట్ర కోర్టు భార్యాభర్తల మీద ఆజ్ఞ వేయగలదు గానీ కేంద్ర పన్ను చట్టాన్ని మార్చలేదు. సపోర్ట్ బకాయి లేకుండా కడితే బిడ్డను తన రిటర్న్‌లో చూపుకోవచ్చని ఆదేశం పొందిన ఒక తండ్రి, కట్టవలసిందంతా కట్టి కూడా, 2012లో అమెరికా ట్యాక్స్ కోర్టులో ఓడిపోయాడు. తల్లి ఫారం ఇవ్వలేదు, అతని దగ్గరున్న ఆదేశంలో షరతు ఉంది. వదులుకోలు షరతులు లేనిదై ఉండాలని చట్టం అంటోందని కోర్టు చెప్పింది. ఆ తండ్రికి జరిగినది కష్టమే. కానీ లక్షల రిటర్నులు చూసే గుమస్తా ఎవరు సపోర్ట్ కట్టారో ఎవరు ఎగ్గొట్టారో తేల్చుకుంటూ కూర్చోలేడు. సంతకం ఉందా లేదా అన్నదే అతను చూడగలిగేది. షరతులు పెట్టుకోవలసిన చోటు ఆ కాగితం కాదు, దాన్ని ఇచ్చే సమయం.

అందుకే ఆ ఫారం భాగాలను జాగ్రత్తగా చదవాలి. మొదటి భాగం ఒక్క ఏడాదికి. రెండో భాగం రాబోయే ఏళ్లకు, కావాలంటే అన్ని ఏళ్లకూ. విడాకుల అలసటలో, తొందరగా తెగిపోతే చాలన్న మనసుతో రెండో భాగంలో సంతకం చేసేవారు, పైన చెప్పిన 26,400 డాలర్లను ఒక్క గీతతో దాటించేస్తున్నారు. మూడో భాగంతో దాన్ని వెనక్కి తీసుకోవచ్చు, కానీ అవతలివారికి తెలియజేసిన ఏడాది తర్వాతి ఏడాది నుంచే అది అమలవుతుంది. తీర్పుకు విరుద్ధమైతే కోర్టు ధిక్కారం కింద ఇరుక్కుంటారు. సంతకం చేస్తే ఏం పోతుందో, ఏం పోదో కూడా తెలియాలి. పోయేది చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్, డిపెండెంట్‌గా చూపుకునే హక్కు మాత్రమే. హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ హోదాకు అర్హత ఉంటే అది బిడ్డ ఉన్న ఇంటిలోనే ఉంటుంది. 2025లో ఒంటరివారికి స్టాండర్డ్ డిడక్షన్ 15,750 డాలర్లైతే ఈ హోదా ఉన్నవారికి 23,625. డే కేర్ ఖర్చుల క్రెడిట్ కదలదు. తక్కువ సంపాదన ఉన్నవారికి ఒక బిడ్డ మీద గరిష్ఠంగా 4,328 డాలర్లు ఇచ్చే ఆర్జిత ఆదాయ క్రెడిట్ కూడా ఏ ఫారంతోనూ చేతులు మారదు. ఇది తెలియక, ఫారం ఇచ్చేశాం కదా అని తల్లి హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ వదిలేసుకోవడం, ఫారం వచ్చింది కదా అని తండ్రి దాన్ని వాడేయడం, రెండూ జరుగుతాయి.

ఇక క్రెడిట్‌ను కదపడం బిడ్డకే మేలయ్యే సందర్భం ఉందా అంటే, ఉంది. నా వాదనకు ఎదురయ్యే గట్టి అభ్యంతరం ఇదే కాబట్టి దీన్ని అంకెలతోనే చూద్దాం. బిడ్డతో ఉన్న తల్లి ఏడాదికి 10,000 డాలర్లే సంపాదిస్తోందనుకుందాం. 2,500 తీసేయగా మిగిలిన 7,500లో 15 శాతం, అంటే 1,125 డాలర్లే ఆమెకు వస్తాయి. అదే తండ్రికి, ఆదాయం గట్టు దాటకపోతే, మొత్తం 2,200 వస్తాయి. ఫారం ఇవ్వకపోతే 1,075 డాలర్లు ఇద్దరికీ కాకుండా పోతున్నాయి. అలాంటప్పుడు ఆ ఏడాదికి ఆమె సంతకం చేయాలి. అతను కనీసం 1,125 డాలర్లు ఆమెకు ఇచ్చి, మిగతాది బిడ్డ చదువుకో డే కేర్‌కో మళ్లించాలి. ఇది ఇద్దరూ రాసుకోవలసిన ఒప్పందం, ఐఆర్‌ఎస్‌కు దానితో పనిలేదు. కానీ ఒక బిడ్డతో హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్‌గా ఉన్న తల్లి సంపాదన సుమారు 29,000 డాలర్లు దాటితే, పూర్తి 2,200 ఆమెకే వస్తాయి. అక్కడి నుంచి ఫారం వల్ల కుటుంబానికి కొత్తగా వచ్చేది ఒక్క డాలరూ లేదు. ఉన్న డబ్బు బిడ్డ ఇంటి నుంచి వేరే ఇంటికి వెళ్తుందంతే. ఉద్యోగం చేసుకుంటున్న తల్లిని కూడా ఫారం కోసం ఒత్తిడి చేసేవాళ్లు ఈ అంకె చూడాలి.

తెలుగువారికి సంబంధించి మరో చిక్కు ఉంది, ఇది మనసును కలచివేసేది. హెచ్-1బి మీద ఉన్న భర్తతో హెచ్-4 మీద వెళ్లిన భార్యకు, వర్క్ పర్మిట్ లేకపోతే, సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉండదు, పన్ను కోసం ఇచ్చే ఐటిఐఎన్ మాత్రమే ఉంటుంది. బిడ్డ అక్కడే పుట్టిన అమెరికా పౌరుడు. విడాకులు తీసుకుంటే ఆమె వీసా హోదానే పోతుంది కాబట్టి, కాగితం మీద భార్యగానే ఉంటూ బిడ్డతో వేరుగా ఉండిపోతుంది. సంపాదన లేనందున, 2021 ఒక్కటి మినహా, ఆమెకు చేతికొచ్చే క్రెడిట్ మొదటినుంచీ లేదు. అయినా హైదరాబాద్ ఫ్లాట్ అద్దె మీదో వడ్డీ మీదో అమెరికాలో పన్ను పడితే, 2024 వరకు క్రెడిట్ దాన్ని తగ్గించేది. 2025 జులై చట్టం ఆ దారి కూడా మూసింది. బిడ్డకు నంబర్ ఉంటే చాలదు, రిటర్న్ వేసే తల్లికో తండ్రికో, ఉమ్మడి రిటర్న్ అయితే ఇద్దరిలో ఒకరికో కూడా ఉండాలంది. అర్హత లేనివారికి సొమ్ము వెళ్లకుండా ఆపడానికే అని దాన్ని సమర్థించేవారు అంటారు. కానీ క్రెడిట్ ఇచ్చేది పౌరుడైన బిడ్డను చూసి. అదే బిడ్డ తండ్రి దగ్గర నిద్రపోతే సొమ్ము వస్తుంది, తల్లి దగ్గర నిద్రపోతే రాదు. రాత్రులు లెక్కపెట్టిన చట్టమే ఇక్కడ ఆ లెక్కను కాదంటోంది. ఈ షరతు తొలగించాలని అక్కడి తెలుగు సంఘాలు తమ కాంగ్రెస్ సభ్యులను గట్టిగా అడగాలి. అంతవరకు ఇలాంటి తల్లి చేయగలిగింది, ఏడాదికొకసారి ఫారం ఇచ్చి, ఆ సొమ్ము బిడ్డకు చేరేలా రాయించుకోవడం.

బిడ్డను అమ్మమ్మ దగ్గరకు పంపేవాళ్లకు కూడా ఒక హెచ్చరిక చెప్పాలి. సెలవులు, చదువు, జబ్బు వంటి తాత్కాలిక గైర్హాజరీని చట్టం ఇంట్లో ఉన్నట్టే చూస్తుంది. కానీ ఏడాదిలో సగం పైగా బిడ్డ గుంటూరులోనో వరంగల్‌లోనో పెరుగుతుంటే, అది తాత్కాలికమేనని నిరూపించే బరువు రిటర్న్ వేసినవారిదే.

సంతకం పెట్టకుండా కక్ష తీర్చుకునేవారి సంగతేమిటి, ఏటా అడుక్కోవాలా అన్నది చివరి అభ్యంతరం. కక్షకు మందు రాష్ట్ర కోర్టు. ఫారం ఇవ్వమని ఆదేశించగలదు, ఇవ్వకపోతే ధిక్కారంగా తీసుకోగలదు. దానికి టైము, డబ్బు పడతాయి, కాదనను. తండ్రికి అక్టోబర్ 15 వరకు గడువు పొడిగించుకునే వీలుంది, తర్వాత రిటర్న్ సవరించుకునే వీలూ ఉంది. ఫారం లేకుండా బిడ్డను తానే ముందు రాసేసి రిఫండ్ తెచ్చుకోవడం మాత్రం దారి కాదు. ఇద్దరూ రాస్తే ఐఆర్‌ఎస్ ఇద్దరికీ ఉత్తరాలు పంపుతుంది. ఎవరూ సవరించుకోకపోతే స్కూలు రికార్డులు, డాక్టరు కాగితాలు అడుగుతుంది. నిర్లక్ష్యంగా అడిగారని తేలితే రెండేళ్లు, మోసమని తేలితే పదేళ్లు క్రెడిట్‌కు దూరం పెడుతుంది. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిన చందమే.

కాబట్టి విడాకుల ఒప్పందం రాసేటప్పుడు ‘వంతులవారీగా’ అన్న మాట బదులు మరో నాలుగు వాక్యాలు రాయించుకోండి. బిడ్డ ఏ రాత్రి ఎక్కడ ఉందో ఇద్దరూ చూసే ఒకే క్యాలెండర్‌లో నమోదవుతుంది. జనవరిలో రెండు ఆదాయాలూ పక్కపక్కన పెట్టి, క్రెడిట్ ఎక్కడుంటే బిడ్డకు ఎక్కువ వస్తుందో చూస్తారు. కదపవలసి వస్తే, సపోర్ట్ బకాయి లేదని తేలాక, గడిచిన ఒక్క ఏడాదికి ఫారం 8332 మొదటి భాగం మీదే సంతకం పడుతుంది. రిఫండ్ వచ్చిన ఇన్ని రోజుల్లోపు ఇంత సొమ్ము బిడ్డ ఇంటికి చేరుతుంది. బిడ్డకు పదిహేడు నిండిన ఏడాది ఆ 2,200 ఆగిపోతాయి. అక్కడి నుంచి మిగిలేది 500 డాలర్ల చిన్న క్రెడిట్, దానికీ ఇదే క్యాలెండర్ తీయాలి.